అమ్మలో లేదు, నాన్నలో లేదు.. బిడ్డకెలా వచ్చింది?

స్కూలు ఐడీ కార్డు మీద బ్లడ్ గ్రూపు వేయించాలంటారు. అంబర్‌పేటలోనో రామంతాపూర్‌లోనో వీధి చివరి ల్యాబ్‌కు తీసుకెళ్తే వేలు గుచ్చి చుక్క రక్తం తీస్తారు. నాన్నది బీ పాజిటివ్, అమ్మదీ బీ పాజిటివే. పిల్లాడి కాగితం మీద మాత్రం ఓ నెగెటివ్ అని ఉంటుంది. ముందు ల్యాబ్ మీద అనుమానం వస్తుంది. మరోచోట చేయించినా అదే తేలితే, పైకి అనలేని అనుమానాలు మొదలవుతాయి.

అవేవీ అక్కర్లేదు. ఇద్దరు బీ పాజిటివ్‌లకు ఓ నెగెటివ్ బిడ్డ పుట్టడంలో వింతేమీ లేదు. కొన్ని జంటలకు ఆ అవకాశం పదహారింట ఒక వంతు ఉంటుంది. ఆ పదహారు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే చాలు. మేనరికం గురించి డాక్టర్లు ఎందుకు అడుగుతారో, గర్భిణికి తలసేమియా పరీక్ష ఎందుకు రాస్తారో కూడా అదే లెక్కతో అర్థమవుతుంది.

ప్రతిదీ రెండేసి

మన ఒంట్లో ప్రొటీన్లు తయారు కావడానికి సూచనలు రాసి ఉన్న జన్యువులు సుమారు 20,000. దాదాపు ప్రతి జన్యువూ మన దగ్గర రెండు కాపీలుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకొకటి నాన్న ఇచ్చింది. మన వంతు వచ్చినప్పుడు ఆ రెండింటిలో ఒక్కదాన్నే బిడ్డకు ఇస్తాం. ఏది వెళ్తుందన్నది మన చేతుల్లో లేదు, రెండింటికీ అవకాశం సమానమే.

ఒక్క కాపీ ఉన్నా పైకి కనిపించే లక్షణాన్ని బహిర్గత లక్షణం అంటారు. రెండు కాపీలూ అదే రకమైతే తప్ప పైకి రానిది అంతర్గత లక్షణం. అంతర్గత కాపీ ఒక్కటే ఉన్నవారిలో అది బయటపడదు, కానీ పిల్లలకు అందే అవకాశం మాత్రం ఉంటుంది. ఇలాంటివారిని వాహకులు అంటారు, డాక్టర్ల మాటల్లో క్యారియర్లు.

పదహారు ఎలా వచ్చింది?

ముందు పాజిటివ్, నెగెటివ్ సంగతి చూద్దాం. ఎర్రరక్తకణం మీద డి అనే ప్రొటీన్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. దాన్ని తయారు చేసే జన్యువు ఒక్క కాపీ ఉన్నా ప్రొటీన్ తయారవుతుంది కాబట్టి పాజిటివ్ బహిర్గతం, నెగెటివ్ అంతర్గతం. అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఒక పాజిటివ్ కాపీ, ఒక నెగెటివ్ కాపీ ఉన్నాయనుకోండి. ఇద్దరి కార్డుల మీదా పాజిటివ్ అనే ఉంటుంది. బిడ్డకు నాలుగు రకాలుగా అందవచ్చు: ఇద్దరి నుంచీ పాజిటివ్, అమ్మ నుంచి పాజిటివ్ నాన్న నుంచి నెగెటివ్, అమ్మ నుంచి నెగెటివ్ నాన్న నుంచి పాజిటివ్, ఇద్దరి నుంచీ నెగెటివ్. మొదటి మూడింటిలో బిడ్డ పాజిటివ్, చివరిదాంట్లో నెగెటివ్. అంటే నాలుగింట ఒకటి.

ఓ గ్రూపుదీ ఇదే కథ. ఏ, బీ రెండూ బహిర్గతాలు. ఓ అంతర్గతం. ఒకరి దగ్గర ఏ ఒకటి, బీ ఒకటి ఉంటే ఏదీ దాక్కోదు, రెండూ కనిపిస్తాయి. అదే ఏబీ గ్రూపు. బీ గ్రూపు అమ్మానాన్నలిద్దరూ లోపల ఒక్కో ఓ కాపీ దాచుకుని ఉంటే, బిడ్డ ఓ గ్రూపు కావడానికి ఇక్కడా నాలుగింట ఒక వంతే. ఈ రెండు జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటాయి కాబట్టి ఒకదాని ఫలితం ఇంకోదాన్ని ప్రభావితం చేయదు. నాలుగును నాలుగుతో గుణిస్తే పదహారు.

దాక్కున్నది ఎందుకు దాక్కుంది?

బహిర్గత జన్యువు రెండోదాన్ని అణగదొక్కుతుందని చాలామంది అనుకుంటారు. చాలా సందర్భాల్లో అలాంటిదేమీ జరగదు. ఈ లెక్కకు పునాది వేసిన బఠాణీ గింజలే అందుకు సాక్ష్యం.

నేటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో గ్రెగర్ మెండెల్ అనే మఠవాసి 1856 నుంచి బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసి, 1866లో ఫలితాలు అచ్చువేశాడు. గుండ్రటి గింజల రకాన్ని, ముడతల గింజల రకాన్ని కలిపితే మొదటి తరంలో వచ్చినవన్నీ గుండ్రటివే. వాటిని వాటితోనే ఫలదీకరణం చేయిస్తే రెండో తరంలో 7,324 గింజలు వచ్చాయి. ఆయన వాటిని ఓపిగ్గా వేరు చేసి లెక్కపెట్టాడు. గుండ్రటివి 5,474, ముడతలవి 1,850. అంటే నాలుగింట మూడు, నాలుగింట ఒకటి. ఒక తరం పాటు ఎక్కడా కనబడని ముడతలు మనవల తరంలో చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి.

ముడతలు ఎందుకు పడతాయో 1990లో గానీ జన్యువు స్థాయిలో తేలలేదు. గింజలో చక్కెరను పిండిపదార్థంగా మార్చే ఒక ఎంజైమ్ ఉంది. ఎంజైమ్ అంటే ఒంట్లోని రసాయన పనులు త్వరగా జరిపించే ప్రొటీన్. ముడతల గింజలో ఆ ఎంజైమ్ జన్యువు చెడిపోయి ఉంటుంది. చక్కెర మిగిలిపోతుంది, దాంతోపాటు నీరూ ఎక్కువగా చేరుతుంది. గింజ ఎండినప్పుడు ఆ నీరంతా పోయి తోలు ముడుచుకుంటుంది. రెండు కాపీల్లో ఒకటి బాగున్నా సరిపడా ఎంజైమ్ తయారై గింజ గుండ్రంగానే ఉంటుంది.

అపార్ట్‌మెంట్‌లో రెండు బోరు మోటార్లు ఉంటే ఒకటి కాలిపోయినా ట్యాంకు నిండుతూనే ఉంటుంది, పై అంతస్తువాళ్ళకు విషయమే తెలియదు. రెండూ పోయిన రోజే కుళాయి ఎండుతుంది. అంతర్గత వ్యాధుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. ఒక మంచి కాపీ పని గడిపేస్తుంది కాబట్టి వాహకుడికి తేడా తెలియదు.

బహిర్గతమైతే అందరికీ వ్యాపించాలి కదా?

ఈ సందేహం పెద్దపెద్దవాళ్ళకే వచ్చింది. వేళ్ళు పొట్టిగా ఉండే ఒక లక్షణం మనుషుల్లో బహిర్గతమని 1905లో తేలింది. అలాగైతే కొన్నాళ్ళకు నలుగురిలో ముగ్గురికి పొట్టి వేళ్ళు ఉండాలి కదా అన్న ప్రశ్న లేచింది. దానికి 1908లో జవాబిచ్చినవాడు జి.హెచ్. హార్డీ. తర్వాత శ్రీనివాస రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన గణితవేత్త ఈయనే. బహిర్గతమైనంత మాత్రాన ఏ జన్యువూ జనాభాలో తనంతట తాను పెరగదని నాలుగు పంక్తుల లెక్కతో చూపించాడు. జర్మన్ డాక్టర్ విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ కూడా అదే ఏడాది విడిగా అదే తేల్చాడు.

ఇంటి స్థాయిలో దీన్ని ఇలా చూడండి. కొన్ని కుటుంబాల్లో ఆరో వేలు బహిర్గత లక్షణంగా వస్తుంది. ఆ జన్యువు కాపీ ఒకటున్న మనిషికి ఇద్దరు పిల్లలు పుడితే, సగటున ఒకరికే అది అందుతుంది. ఒకరి స్థానంలో ఒకరు. సంఖ్య పెరగలేదు, తగ్గలేదు. ఇక ఓ గ్రూపు అంతర్గతమే అయినా మన దగ్గర పదిమందిలో ఇంచుమించు నలుగురిది ఆ గ్రూపే. ఒక లక్షణం బహిర్గతమా అంతర్గతమా అన్నదానికీ, అది ఎంతమందిలో ఉందన్నదానికీ సంబంధం లేదు. మంచిదా చెడ్డదా అన్నదానికైతే అసలే లేదు.

మోసేవారు ఎంతమంది?

హార్డీ లెక్కలో ఇంకో ఉపయోగం ఉంది. పైకి కనిపించేవారి సంఖ్యను బట్టి లోపల మోస్తున్నవారి సంఖ్య కట్టవచ్చు. మన దేశంలో నూటికి సుమారు అయిదుగురిది నెగెటివ్ గ్రూపు. ఈ అయిదును లెక్కలో వేస్తే, మిగిలిన 95 మంది పాజిటివ్‌లలో సుమారు 35 మంది నెగెటివ్ కాపీ ఒకటి మోస్తున్నారని వస్తుంది. ఐడీ కార్డు చూసి ఆశ్చర్యపోయిన ఇల్లు ఒంటరిది కాదన్నమాట.

లక్షణం అరుదైన కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. తలసేమియా చూడండి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ సరిగా తయారు కాని అంతర్గత వ్యాధి ఇది. రెండు కాపీలూ చెడినవే అందిన బిడ్డకు తలసేమియా మేజర్ వస్తుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, పేరుకునే ఇనుమును బయటికి పంపడానికి మందులూ వాడాలి. మన దేశంలో దీని వాహకులు నూటికి ముగ్గురు నలుగురు ఉంటారని అంచనా. నలుగురనే అనుకుంటే పాతికమందికి ఒకరు. ఇద్దరు వాహకులు జంటగా కలిసే అవకాశం 25ను 25తో గుణిస్తే 625లో ఒకటి. వాళ్ళకు పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి కాబట్టి, మొత్తంగా 2,500 పుట్టుకల్లో ఒకటి. జబ్బున్న బిడ్డ 2,500 మందిలో ఒకరైతే, ఆ 2,500 మందిలోనే ఆరోగ్యంగా తిరుగుతున్న వాహకులు దాదాపు వందమంది. 'మా వంశంలో ఎవరికీ లేదు' అన్న మాట నిజమే కావచ్చు. కానీ దాన్నిబట్టి వాహకులు లేరని చెప్పలేం.

నాలుగింట ఒకటంటే, ఒకరికొస్తే మిగతా ముగ్గురికి రాదా?

ఎక్కువ కుటుంబాలు పొరబడేది ఇక్కడే. ప్రతి గర్భానికీ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. మొదటి బిడ్డకు జబ్బు వచ్చినా రెండో బిడ్డకూ అదే నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి ఇద్దరూ ఆరోగ్యంగా పుట్టినా మూడో బిడ్డకూ అంతే. ఇద్దరూ వాహకులైన 16 జంటలకు ఇద్దరేసి పిల్లలుంటే, సగటున 9 ఇళ్ళలో ఇద్దరికీ జబ్బు ఉండదు. ఆ ఇళ్ళవాళ్ళకు తాము వాహకులమన్న సంగతి ఎప్పటికీ తెలియకపోవచ్చు. మిగిలిన 7 ఇళ్ళలో 6 ఇళ్ళలో ఒకరికి, ఒక ఇంట్లో ఇద్దరికీ వస్తుంది. ఆ ఒక్క ఇంట్లో ఎవరిదీ పాపం లేదు, శాపం లేదు. వాళ్ళ విషయంలో లెక్క అలా పడింది, అంతే.

మేనరికం చేసుకుంటే ఏమవుతుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి దగ్గరి బంధువుల మధ్య జరుగుతోంది. దేశం మొత్తమ్మీద అది పదింటిలో ఒకటి. కాబట్టి ఈ లెక్క మన ఇళ్ళలో తెలియాల్సిందే.

అబ్బాయి ఏదో ఒక అంతర్గత వ్యాధికి వాహకుడు అనుకుందాం. మేనమామ కూతురిని చేసుకుంటే ఆమె దగ్గర అదే కాపీ ఉండే అవకాశం ఎంత? ఆ కాపీ అతనికి తల్లి నుంచి వచ్చి ఉండే అవకాశం సగం. ఆ తల్లి తోబుట్టువైన మేనమామ దగ్గర కూడా ఉండే అవకాశం సగం. అతని నుంచి కూతురికి చేరే అవకాశం మళ్ళీ సగం. మూడు సగాలు గుణిస్తే ఎనిమిదింట ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే మెట్లు రెండే కాబట్టి నాలుగింట ఒకటి.

వ్యాధి కాపీ వందమందిలో ఒకరి దగ్గరే ఉందనుకోండి. బయటి సంబంధమైతే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 100ను 100తో, దాన్ని మళ్ళీ నాలుగుతో గుణిస్తే 40,000లో ఒకటి. మేనమామ కూతురితో సంబంధమైతే 100ను 8తో, తర్వాత నాలుగుతో గుణించాలి, 3,200లో ఒకటి. పన్నెండు రెట్లకు పైగా పెరిగింది. జబ్బు ఎంత అరుదైనదైతే మేనరికంలో తేడా అంత ఎక్కువ.

అలాగని మేనరికపు పిల్లలందరికీ ఏదో అవుతుందని కాదు. ఏ దంపతులకైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్రమైన లోపాలు ఉంటాయి. మేనబావ మరదళ్ళ సంబంధాల్లో దానికి మరో రెండు మూడు తోడవుతాయి. అంటే నూటికి 94 మందికి పైగా బాగానే పుడతారు. మీకు తెలిసిన మేనరికపు ఇళ్ళలో పిల్లలంతా బాగున్నారంటే ఆశ్చర్యం లేదు. అలాగే ఆ ముప్పు అబద్ధమూ కాదు.

'గోత్రాలు వేరు కదా' అని పెద్దలంటారు. గోత్రం, ఇంటిపేరు తండ్రి వైపు నుంచే లెక్కకు వస్తాయి. జన్యువులు తల్లి వైపు నుంచీ సరిగ్గా అంతే వస్తాయి. మేనమామ కూతురి గోత్రం వేరే. ఎనిమిదింట ఒక వంతు మాత్రం గోత్రం వేరైనా మారదు.

బంధుత్వం లేకపోయినా..

శతాబ్దాలుగా లోలోపలే పెళ్ళిళ్ళు చేసుకునే సమాజంలో, చుట్టరికం కట్టలేనంత దూరంలో ఉన్నవారు కూడా ఒకే పూర్వీకుడి కాపీని పంచుకుని ఉండవచ్చు. దీనికి తెలుగునాట అధ్యయనం జరిగిన ఒక ఉదాహరణ వైశ్యులు. ఆపరేషన్ ముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ జన్యువు రెండు కాపీలూ పనిచేయనివారిలో మందు ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది. అది దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. వైశ్యుల్లో ఈ లోపానికి కారణమైన మార్పును 2006లో గుర్తించారు. మామూలు రోజుల్లో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే మందు వాడతారు. సమస్య అక్కడితో ముగిసిపోతుంది. మత్తు డాక్టర్లు కులం అడిగితే కొందరు నొచ్చుకుంటారు గానీ, ఆ ప్రశ్న ఇందుకోసమే.

ఈ చిత్రాన్ని విస్తరించి చూపిన పరిశోధనలో ఒక భాగస్వామి మన పక్కనే ఉంది. అంబర్‌పేట నుంచి రామంతాపూర్ మీదుగా ఉప్పల్ చౌరస్తాకు వెళ్ళి హబ్సిగూడ వైపు తిరిగితే వచ్చే పరిశోధన సంస్థ సీసీఎంబీ. అక్కడి శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా వ్యక్తుల జన్యువులను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. వైశ్యుల్లో ఈ ఎంజైమ్ లోపం ఇతరుల కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని అందులో ప్రస్తావించారు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. కొద్దిమంది పూర్వీకుల ముద్ర చాలా బలంగా ఉన్న సమూహాలు 81 తేలాయి, వాటిలో పద్నాలుగింటి జనాభా పది లక్షలకు పైనే. ఇది ఒక్క కులానికి పరిమితమైన సంగతి కాదన్నమాట. మిగతా సమూహాల్లో ఏ కాపీలు దాగి ఉన్నాయో వెతికే పని ఇంకా సాగాల్సి ఉంది.

గీత అన్నిసార్లూ స్పష్టంగా ఉండదు

బహిర్గతం, అంతర్గతం అన్న రెండు గదుల్లో అన్నీ ఇమడవు. ఎత్తు, చర్మం రంగు, షుగర్ వచ్చే అవకాశం వంటి వాటిలో వందలాది జన్యువులు, తిండి, జీవనశైలి కలిసి పనిచేస్తాయి. నాలుక మడత పెట్టడం కూడా పాత పుస్తకాల్లో రాసినంత సాదాగా ఒక్క జన్యువు మీద ఆధారపడదు. అచ్చంగా ఒకేలా ఉండే కవలల్లోనే ఒకరు మడవగలిగి ఇంకొకరు మడవలేని సందర్భాలున్నాయి.

సీసీఎంబీ బృందమే 2009లో గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లోపించిన రూపాన్ని గురించి ప్రకటించింది. అది మన దేశంలో నూటికి సుమారు నలుగురి దగ్గర ఉంది. నిండా యాభై మంది ఉన్న ఉప్పల్ బస్సులో సగటున ఇద్దరు. ఒక్క కాపీ ఉన్నవారిలో చాలామంది వయసులో ఉండగా మామూలుగానే ఉంటారు, వయసు పైబడ్డాక గుండె కండర జబ్బు ముప్పు పెరుగుతుంది. రెండు కాపీలూ ఉంటే చిన్నతనంలోనే తీవ్రంగా రావచ్చు. దీన్ని ఏ గదిలో వేస్తారు?

ఇక చేయాల్సిందేమిటి?

పెళ్ళికి ముందో, కనీసం గర్భం తొలి వారాల్లోనో దంపతులు తలసేమియా పరీక్ష చేయించుకోవాలి. చాలాసార్లు తొలి జాడ సీబీపీ అనే మామూలు రక్త పరీక్ష రిపోర్టులోనే ఉంటుంది. అందులో ఎంసీవీ అన్న వరుస చూడండి. అది ఎర్రకణం సైజు. 80 కంటే తక్కువుంటే ఐరన్ లోపమైనా కావచ్చు, తలసేమియా వాహకత్వమైనా కావచ్చు. తేల్చడానికి హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష రాస్తారు. అందులో హిమోగ్లోబిన్ ఏ2 సాధారణంగా 3.5 శాతం దాటితే వాహకులని భావిస్తారు. ఐరన్ బాగా తక్కువుంటే ఆ అంకె తగ్గి కనబడే వీలుంది. అందుకే ఐరన్ మందులు వాడాక మళ్ళీ చేయించమంటారు. ఈ పరీక్షలోనే సికిల్ సెల్ వాహకత్వం కూడా తెలుస్తుంది. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధి కోసం 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్, ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది.

వాహకుడని తేలితే పెళ్ళి మానుకోవాలా? అక్కర్లేదు. రెండోవారు వాహకులు కాకపోతే బిడ్డకు మేజర్ వచ్చే ప్రసక్తే దాదాపు ఉండదు, మహా అయితే సగం అవకాశంతో వాహకుడవుతాడు. వాహకుడని తేలినవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది, ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది కాబట్టి. ఇద్దరూ వాహకులైతే జన్యు వైద్య నిపుణుల సలహా తీసుకోవాలి. గర్భం పదకొండు, పన్నెండు వారాల వయసులోనే బిడ్డ పరిస్థితి తెలుసుకునే పరీక్షలున్నాయి. పంజాగుట్ట నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థ కూడా జన్యు వ్యాధి నిర్ధారణలో పనిచేస్తోంది.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇరువైపులా మూడు తరాల వివరాలు రాసుకుని తీసుకెళ్ళండి: ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరికి ఏ జబ్బు, చిన్నప్పుడే పోయిన పిల్లలెవరు, ఆపరేషన్‌లో మత్తు తేడా చేసినవారున్నారా. చివరి రెండూ సాధారణంగా నానమ్మకో అమ్మమ్మకో మాత్రమే గుర్తుంటాయి. డాక్టర్ మొదట గీసేది ఆ వంశవృక్షాన్నే, కాబట్టి పరీక్షకు ముందే వాళ్ళను అడిగి రాసుకోండి.